సిలువలో పరుగు

తొంభైల్లో, ఆత్మకూరు నుంచి ఉదయగిరి పోయే బస్సులో నా పక్కన కూచున్న అమ్మాయిది వరికుంటపాడంట. పాదరసం, సీసం లాంటి బరువైన లోహాలున్న అణువులు అయస్కాంతం దగ్గర ఎట్టా ఉంటాయో లెక్క కట్టడం ఆమె పరిశోధన.

"ఐన్‌స్టీన్ చెప్పింది కలపకపోతే ఆ లెక్క తప్పుతుందక్కా," అనింది.

నేను సైన్సు టీచర్ని. నవ్వొచ్చింది. "ఆయన లెక్కలు నక్షత్రాలకి గదా, ఈడేం పని?"

ఆమె నా తాళిబొట్టు మీది సిలువని చూపించింది. "బంగారంలో లోపలి ఎలక్ట్రాన్లు కాంతి వేగంలో సగానికి పైగా పరిగెత్తతా ఉండాయి. ఆ పరుగే లేకుంటే ఇది ఇంత పచ్చగా ఉండదు, వెండి మాదిరి తెల్లగా ఉండాల."

సిలువని తిప్పి తిప్పి చూసుకుంటా ఉండంగానే నా ఊరొచ్చింది. ఆమె పేరైనా అడక్కుండా దిగిపోయినాను.

ప్రార్థనలో ఆ సిలువని పిడికిట్లో పట్టుకోవడం నాకు పెళ్లైనప్పటి నుంచీ అలవాటు. ఆ ఆదివారం పట్టుకోబోయి, లోపలి ఆ పరుగు గుర్తొచ్చి, నిప్పు తగిలినట్టు చెయ్యి వెనక్కి తీసుకున్నాను.