నిండినా ఆగని కండె

మా బార్ అసోసియేషన్ వాళ్లు పెద్దల జ్ఞాపకాలతో సంచిక వేసినప్పుడు నన్నెవరూ అడగలేదు. గ్రూపు ఫొటోకైనా పిలవలేదు. నల్లకోటు విప్పేసి ఇంట్లో కూర్చున్నాకైనా ఎవరో ఒకరు గుర్తు చేసుకుంటారని చూశాను. ఇక చూడదలచుకోలేదు. నేనే రాస్తున్నాను.

కోవిడ్‌కు ముందటి ఏడాది చిత్తూరు ఫ్యామిలీ కోర్టులో ఉచిత న్యాయసహాయం కింద ప్యానెల్ లాయరుగా ఉన్నాను. వకీలును పెట్టుకునే స్తోమత లేనివారి కేసులు మాకు అప్పగిస్తారు. అలా వచ్చిందే నగరి మునెమ్మ కేసు. ఆమె భర్త దొరసామికి మరమగ్గాల షెడ్డు ఉంది. భార్యనూ కొడుకునూ వదిలేసి పుత్తూరులో వేరే కాపురం పెట్టాడు. కొడుకు పేరు వేలు. అతనికి పుట్టుకతోనే బుద్ధిమాంద్యం. చిన్నప్పుడే కోర్టు అతనికి మనోవర్తి మంజూరు చేసింది. పద్దెనిమిది నిండగానే దాన్ని రద్దు చేయమని తండ్రి పిటిషన్ వేశాడు. మునెమ్మ ఇంట్లోనే కూలికి కండెలు చుట్టేది. కండె అంటే మగ్గం మీద అటూ ఇటూ పరుగెత్తే నాడెలో పెట్టే చిన్న గొట్టం, దానికి రాట్నంతో నూలు ఎక్కించాలి. మనోవర్తి ఆగితే ఆ కూలి చాలదు. బయటి పనికి పోవాలంటే వేలును ఒంటరిగా వదలాలి. అది జరిగే పని కాదు.

మేజరైనా సరే, వైకల్యం వల్ల తనను తాను పోషించుకోలేని సంతానానికి తండ్రి మనోవర్తి ఇవ్వాల్సిందేనని చట్టం చెబుతుంది. అవతలి పక్షపు సీనియరు వకీలుకూ ఆ సంగతి తెలుసు. అందుకే వయసు మాట పక్కనపెట్టి, కుర్రవాడు పనిచేసి సంపాదించుకోగలడని వాదించారు. సాక్ష్యంగా ఒక ఫోన్ వీడియో పెట్టారు. పలకరింపుకు వచ్చిన బంధువెవరో తీసింది. అందులో వేలు రాట్నం చక్కగా తిప్పుతున్నాడు. కండె నిండబోతుండగా వీడియో ఆగిపోయింది.

అక్కడే ఎందుకు ఆగిందని బయట వరండాలో మునెమ్మను అడిగాను.

"వాడు బాగా సుడతాడు సార్. నిలపడమే రాదు. నిండినాక నేను 'సాలు నాయనా' అని సెయ్యి పట్టుకోవాల. ల్యాకుంటే పొద్దుగూకులూ తిప్పతానే ఉంటాడు."

రాట్నం కోర్టుకు తెప్పించి అతనిచేతే తిప్పించి చూడాలని జడ్జిగారిని కోరాను. సీనియరు అందరికీ వినబడేలా నవ్వారు. "ఏమప్పా, రేపు మగ్గం గుంత కూడా ఈడనే తవ్విస్తావా?" అన్నారు. ఆ సాయంత్రానికే బార్ రూములో నాకు 'రాట్నం వకీలు' అని పేరు పడింది, అది మునెమ్మ చెవిదాకా పోయింది. ఎవరెవరు నవ్వారో నాకు ఇప్పటికీ గుర్తుంది.

జడ్జిగారు ఒప్పుకున్నారు. వాయిదా రోజు మునెమ్మ రాట్నం, చిలపగా కట్టిన నూలు తీసుకుని బస్సులో వచ్చింది. రాట్నం కనబడగానే వేలు ముఖం విప్పారింది. ఎవరూ చెప్పకముందే దాని ముందు చతికిలబడ్డాడు. మునెమ్మను దూరంగా బెంచీ మీద కూర్చోబెట్టి, నేను చెప్పేదాకా కదలవద్దన్నాను. రెండు చేతులూ ఒళ్లో గట్టిగా పట్టుకుని కూర్చుంది.

కండె నిండింది. వేలు తిప్పుతూనే ఉన్నాడు. నూలు ఉబ్బి, అంచు దాటి జారి, కదురుకు చుట్టుకుని చిక్కుపడుతోంది. సీనియరు కాగితాలు చూసుకుంటున్నారు. వెనక నిలబడిన దొరసామి మాత్రం నూలునే చూస్తున్నాడు. ఎంతైనా నేతగాడు, నూలు పాడవుతుంటే చూడలేడు.

"రేయ్ ఏలూ, నిలపరా! కండె నిండిపోయిండాది!" అని అరిచాడు. వేలు ఆపలేదు. అప్పుడు భార్య వైపు తిరిగి, "ఏమే, సూస్తా కూసున్నావే! వాని సెయ్యి పట్టుకోవే! నువ్వు పట్టుకుంటే గానీ వాడు నిలపడని తెల్దా నీకు?" అన్నాడు.

జడ్జిగారు దొరసామిని బోనెక్కమన్నారు. నేను ఒక్కటే అడిగాను: మీ షెడ్డులో ఈ అబ్బాయిని కూలికి పెట్టుకుంటారా? చిక్కుపడిన నూలు వైపు చూసి, "ల్యా సార్" అన్నాడు. మునెమ్మకు సైగ చేశాను. ఆమె వచ్చి కొడుకు మణికట్టు తాకింది. వేలు ఆపి, అందరి వైపూ చూసి నవ్వాడు.

తండ్రి పిటిషన్ కొట్టేశారు. వేలు పరిస్థితి ఇలాగే ఉన్నంత కాలం మనోవర్తి కొనసాగాలని ఉత్తర్వు వచ్చింది. మెట్లు దిగుతూ మునెమ్మ, "రాట్నం వకీలంటే నవ్వినారే సార్, ఇప్పుడు నవ్వమను" అంది. ఆ రోజు బార్ రూములో ఎవరూ నవ్వలేదు.

ఆ కేసు నాకు నేర్పింది ఇది. పని చేయగలగడం వేరు, ఆ పనితో బతకగలగడం వేరు. ఆ రెంటి మధ్య ఏ చెయ్యి ఉందో వకీలు వెతికి చూపాలి.

ఆ సీనియరుగారు ఇంకా ప్రాక్టీసులోనే ఉన్నారు. నిరుడు ఇలాంటి కేసులోనే, ఈసారి తల్లి పక్షాన నిలబడి, కోర్టుకు కుట్టుమిషను తెప్పించి గెలిచారట. సంచికలో దాని గురించి రెండు పేజీలు రాసుకున్నారు. ఆ ఉపాయం ఎక్కడ నేర్చుకున్నారో మాత్రం రాయలేదు. అయ్యా, ఎక్కడ నేర్చుకున్నారు? జవాబు చెప్పండి.