ఫారంలో కొట్టేసిన నంబరు

మా మేనత్త పోయిందని నాన్నకు చెప్పాల్సిన పని నా మీద పడింది. ఆవిడ నాన్నకు సొంత అక్క. ఉండేది సత్తెనపల్లి అవతల, గుంటూరులో మా ఇంటి నుంచి రెండు గంటల్లో వెళ్ళిపోగల పల్లెలో. కానీ ఏడేళ్ళుగా ఆ ఇద్దరికీ మాటల్లేవు. అందుకని ఊరివాళ్ళు నాకు ఫోన్ చేసి, నాన్నకు చెప్పమన్నారు. పొద్దున కళ్ళంలో మిరపకాయలు తిరగేయిస్తూ గుండె పట్టుకుని కూర్చుందట. ఆటో వచ్చేలోపే అంతా అయిపోయిందట. నాన్న విని, "ఎవరు చెప్పారు నీకు?" అన్నారు. నమ్మలేక అడిగింది కాదు. తనకెందుకు చెప్పలేదని. నాకు ఒళ్ళు మండింది. ఆ మంటలో సగం నా మీదేనని ఇప్పుడు రాస్తుంటే తెలుస్తోంది.

పెళ్ళయిన కొన్నేళ్ళకే భర్త పోతే అత్తయ్య పుట్టిన ఊరికే వచ్చేసింది. మూడెకరాల మిరప ఒక్కతే చేసుకొచ్చింది. వేసవి సెలవులకు నేను వెళితే కుప్ప ముందు కూర్చోబెట్టుకుని ఎర్రకాయల్లోంచి తెల్లబారిన తాలుకాయలు ఏరడం నేర్పింది. "మొహమ్మీద చెయ్యి పెట్టుకోమాక" అని పది నిమిషాలకోసారి చెప్పేది. నాకు చెబుతూనే తను కళ్ళు తుడుచుకునేది. సాయంత్రం నా చేతులకు ఆముదం రాసేది. తన చేతులకు రాసుకోవడం నేను చూడలేదు. డిగ్రీ చాలన్న నాన్నను, "అది చదువుతానంటుంటే నీకేంట్రా నెప్పి" అని గదమాయించి నన్ను యూనివర్సిటీకి పంపింది ఆవిడే. ఆ తర్వాత నేనేం చెప్పినా ఒకటే మాట. "చదువుకున్నదానివి, నీకు తెలవదా." ఆ మాట నాకు గర్వంగా ఉండేది. ఇప్పుడు తలచుకోవాలంటే భయంగా ఉంది.

వాళ్ళ గొడవ పొలం దగ్గర వచ్చింది. ఉమ్మడిగా ఉన్న, బోరున్న పొలం చెక్కను నాన్న అమ్మేశారు. కాగితాలన్నీ రాయించాక అక్కను పిలిచారు. అత్తయ్య మారుమాట లేకుండా వేలిముద్ర వేసింది. బయటికొచ్చి మాత్రం నలుగురిలో అంది: "మా వాడు నన్ను అడగలా. ఏలు ఎక్కడెయ్యాలో చూపించాడు." నలుగురిలో పరువు తీసిందని నాన్న ఆ ఊరు వెళ్ళడం మానేశారు.

నాలుగేళ్ళ కిందట అత్తయ్య సెల్ ఫోన్ కొనుక్కుంటానంది. కోతలకు పొదిలి వైపు నుంచి కూలీల ముఠా రావాలి. వాళ్ళ మేస్త్రమ్మతో మాట్లాడటానికి ప్రతిసారీ కాయిన్ బాక్సు దగ్గర నిలబడలేకపోతోంది. సత్తెనపల్లిలో మస్తాన్ కొట్టుకి తీసుకెళ్ళాను. మస్తాన్ నాతో హైస్కూల్లో చదివినవాడే. రెండు నంబర్లు మనం రాసిస్తే వాటికి తక్కువ రేటు, మిగతా అన్నిటికీ ఎక్కువ రేటు పడే ప్లాన్ ఒకటి చూపించాడు.

"ఎవురితో ఎక్కువ మాట్టాడతావు పెద్దమ్మా?" అన్నాడు ఫారం తీసి.

"ఒకటి ఇదిగో, ఈ పిల్లది. రెండోది మా తమ్ముడిది రాయి" అని నాన్న నంబరు పదంకెలూ తడుముకోకుండా చెప్పింది. చదువు రాని మనిషి. ఎవరినడిగి నోటికి పట్టిందో నాకిప్పటికీ తెలియదు. మస్తాన్ రాసేశాడు.

"నాన్నతో మాట్లాడవు గదత్తా నువ్వు" అన్నాను.

"మాట్టాడటల్లా. అయితే?"

"అయితే ఆ నంబరు దండగే గదా. మేస్త్రమ్మకి రోజుకి నాలుగుసార్లు చేస్తావు. ఆవిడది రాయించుకో."

"మేస్త్రమ్మేవన్నా నా తోడబుట్టిందా?"

మస్తాన్ నవ్వాడు. "కంపెనీవోళ్ళకి తోడబుట్టినోళ్ళతో పనిలేదు పెద్దమ్మా. ఎవురితో ఎక్కువ వాగితే వాళ్ళే చుట్టాలు. మీ మేడమ్ చెప్పిందే కరెక్టు."

నాకు ఊపొచ్చింది. కిందటి నెల కాయిన్ బాక్సు నుంచి ఎవరెవరికి చేసిందో అడిగి ఒక కాగితం మీద రాసి చూపించాను. క్లాసులో మా పిల్లలకు చెప్పినట్టే చెప్పాను. "ప్లాన్ మన అలవాటును బట్టి తీసుకోవాలత్తా, ఆశను బట్టి కాదు" అన్నాను. ఆ మాట చక్కగా కుదిరిందని కూడా అనుకున్నాను.

అత్తయ్య ఆ ఫారం వంక కాసేపు చూసింది. చదవలేదు గానీ ఆ అంకెలు ఎక్కడున్నాయో తెలిసినట్టే చూసింది. "చదువుకున్నదానివి, నీకు తెలవదా. కొట్టేయ్ మస్తానూ" అంది. వాడు నాన్న నంబరు మీద రెండు గీతలు గీసి, పైన మేస్త్రమ్మ నంబరు రాశాడు.

ఆ తర్వాత రెండుసార్లు అడిగింది, ఆ రెండో నంబరు మళ్ళీ మార్చుకోవచ్చా అని. మొదటిసారి, "కోతలప్పుడు మేస్త్రమ్మతో ఎట్లా మరి?" అన్నాను. రెండోసారి పరీక్ష పేపర్లు దిద్దుతూ, "చూద్దాంలే అత్తా" అన్నాను. మూడోసారి అడగలేదు.

చేయాలనుకుంటే ఎక్కువ రేటుకైనా చేసి ఉండేది గదా అని నాకు నేను చెప్పుకుంటూనే ఉన్నాను. మూడెకరాల మిరప చేసే మనిషిని ఒక్క రూపాయి ఆపుతుందా? ఆపదు. నా సలహా తప్పు కాదు కూడా. కానీ మా ఇళ్ళల్లో మాటలు మానేసినవాళ్ళు ఊరికే మళ్ళీ మాట్లాడరు. క్షమించమనరు, పోనీలే అనరు. గేదె ఈనిందనో, పురుగు మందు పేరు కావాలనో ఒక సాకు దొరకాలి. "ఫోనోళ్ళు రెండు నంబర్లు రాయమంటే నీది రాయించాన్రా, పోనీ మోగుద్దో లేదో చూద్దామని చేశా" అనడానికి ఆవిడకు ఆ ఫారం కావలసి వచ్చిందేమో. అలా అని ఆవిడ ఎప్పుడూ నాతో చెప్పలేదు. ఇది నేను అల్లుకున్నదే కావచ్చు. కాకపోతే? ఆ సాకును కొట్టేయించింది నేనే.

పదకొండో రోజున కర్మకు నాన్న అత్తయ్య ఇంటికి వచ్చారు. భోజనాలయ్యాక వసారాలో మంచం మీద కూర్చున్నారు. పక్కింటివాళ్ళు తెచ్చిచ్చిన అత్తయ్య ఫోన్ నా ఒళ్ళో ఉంది.

"అందులో నా నంబరుందా?" అన్నారు.

లేదని ఊరుకోవచ్చు. ఊరుకోలేకపోయాను. మస్తాన్ కొట్టు, ఫారం, నేను అన్న మాట అన్నీ చెప్పాను. నాన్న తిడతారని ఎదురుచూశాను. తిడితే బాగుండేది.

"నోటికి చెప్పిందా?" అన్నారు.

"చెప్పింది."

నాన్న జేబులోంచి తన ఫోన్ తీశారు. "అక్క నంబరు చెప్పు."

ఒక్కో అంకె చెప్పాను. ఆయన ఒక్కోటే నొక్కారు. నా ఒళ్ళో ఫోన్ మోగింది. తెరమీద పేరు లేదు, ఉత్త అంకెలు. లోపల గిన్నెలు సర్దుతున్న ఆడవాళ్ళు ఆగి ఇటు చూశారు. నేను ఎత్తలేదు, ఆపలేదు. నాన్న ఫోన్ చెవికి ఆనించుకుని, గొంతు సవరించుకున్నారు.