పెద్దత్త పెట్టె, చిన్నత్త కన్ను

మా చిన్నత్త నోరు మంచిదని ఎవరూ అనరు. గౌను బిగుతైందని ఎవరైనా గొడవకొస్తే, "బట్ట ముడుచుకోలేదమ్మా, నువ్వే ఊరావు" అని మొహం మీదే అనేస్తుంది. ఆ నోరు ఎలా పడిపోయిందో చెబుతాను.

మా నాన్నకు ఇద్దరక్కలు. ఇద్దరూ కలిసి బట్టలు కుట్టే కొట్టు నడుపుతారు. కత్తెర పెద్దత్తది, మిషను చిన్నత్తది. కాజాలూ గుండీలూ నావి. పెద్దత్తకు వయసుతో వచ్చే కంటి జబ్బు. ఎడమకంట్లో నడిమి చూపు ఎప్పుడో పోయింది. చుట్టూ కనిపిస్తుంది గానీ, సూటిగా చూసిన చోట మసకే. మిగిలిన కుడికన్నును కనిపెట్టుకుని ఉండమని ఆస్పత్రివాళ్ళు ఒక పెట్టె ఇచ్చారు. రోజూ పొద్దున్నే అందులోకి తొంగి చూడాలి. చుక్కల గీత ఒకటి మెరుస్తుంది. అది ఎక్కడ ఉబ్బినట్టు కనిపిస్తే అక్కడ నొక్కాలి. తేడా వస్తే దానంతటదే ఆస్పత్రికి కబురు పంపుతుంది. చూడటం మానేస్తే వాళ్ళే ఫోను చేసి అడుగుతారు. జబ్బు ముదరకముందే పట్టుకుంటే కంట్లో సూదిమందు వేసి చూపు నిలబెట్టొచ్చట.

పెద్దత్తకు ఆ పెట్టంటే హడల్. చూసి లేచిన ప్రతిసారీ "ఇదీ పోతుందేమోనే" అంటూ కత్తెర పట్టలేక కూలబడేది. అప్పుడేమో స్కూలు యూనిఫారాల హడావుడి. కటింగ్ ఆగితే కొట్టు ఆగినట్టే. చిన్నత్తకు అక్క అవస్థ చూస్తే జాలి, ఆగిన పని చూస్తే ఒళ్ళుమంట. రెండూ కలిసి ఒకరోజు అబద్ధమాడించాయి.

"ఆస్పత్రి నుంచి ఫోనొచ్చిందక్కా. నీ కన్ను నిక్షేపంలా ఉందట. ఇక పెట్టె చూడక్కర్లేదట."

పెద్దత్త మొహం వెలిగిపోయింది. మర్నాటి నుంచి ఆవిడ స్నానానికి వెళ్ళగానే, ఆస్పత్రివాళ్ళు అడక్కుండా, చిన్నత్తే పెట్టెలో తల పెట్టి, తన కుడికంటితో చూసి నొక్కేది. నాకిదంతా తర్వాత తెలిసింది.

కొన్నాళ్ళకు పెద్దత్త కోసిన అంచులు వంకర పోసాగాయి. "కత్తెర మొద్దుబారిందే" అని సాన పట్టించుకొచ్చింది. మళ్ళీ వంకరే. చిన్నత్త ఆ వంకరంతా కుట్టులోకి మడిచేసి, సాన పట్టినవాణ్ణి ఏడు తరాలూ కలిపి తిట్టింది. తప్పు కత్తెరదేనని నమ్మడం ఆవిడకు అవసరమైంది మరి.

అంతలో ఆస్పత్రి నుంచి నిజంగానే ఫోనొచ్చింది. "మీ అక్కగారి కుడికంట్లో మార్పు కనిపిస్తోందమ్మా. ఈరోజే తీసుకురండి."

చిన్నత్త మిషను ఆపేసింది. ఎడమకన్ను చేత్తో మూసి గుమ్మం వైపు చూసింది. నిలువు చట్రం మధ్యలో వంగి కనిపించిందట. పెట్టె పసిగట్టిన జబ్బు అక్క కంటిది కాదు, ఆవిడ కంటిదే.

"నా మొహం మండా" అంటూ నేలమీద చతికిలబడి, జరిగిందంతా నాకు కక్కేసింది. నేను తిట్టబోయి ఆగిపోయాను. ఆవిడ తన కంటి గురించి ఒక్క ముక్కా అనలేదు. "ఇన్నాళ్ళూ అక్క కన్ను ఎవరు చూశారే?" అంది.

ఇద్దర్నీ నేనే తీసుకెళ్ళాను. చిన్నత్త డాక్టరమ్మతో అక్క ముందే అంతా చెప్పేసింది. ఇద్దరి కళ్ళూ పరీక్షించారు. చిన్నత్తది ఇప్పుడే మొదలైందట, సూదిమందుతో ఆగుతుందట. పెద్దత్త కుడికంట్లో మాత్రం లోపల నెత్తురు ఊరి, మచ్చ కట్టేసింది. కొన్ని వారాల ముందు వచ్చుంటే బాగుండేదని డాక్టరమ్మ మెల్లగా చెప్పింది.

చిన్నత్త అక్క కాళ్ళు పట్టుకుంది. "నన్ను చెప్పుతో కొట్టక్కా."

పెద్దత్త, "అయితే కత్తెర మంచిదేనన్నమాట" అంది. తర్వాత చెల్లెలి భుజం తడుముకుని, "లే. పోయి సూది వేయించుకో" అంది. అక్క అరిచినా, శాపనార్థాలు పెట్టినా తట్టుకునేదేమో గానీ, ఆ మాటకు చిన్నత్త కుమిలిపోయింది.

ఇప్పుడు కత్తెర కూడా చిన్నత్తదే. గౌను బిగుతని వచ్చినవాళ్ళకు నోరెత్తకుండా కుట్లు విప్పి సరిచేసి ఇస్తోంది. పెట్టె ఆవిడ పేరు మీదికి మారింది. పొద్దున్నే గోడ తడుముకుంటూ వచ్చి చెల్లెల్ని దాని ముందు కూర్చోబెట్టేది పెద్దత్తే. వీపు మీద చెయ్యేసి నిలబడుతుంది.

"గీత తిన్నగా ఉందా?"

"ఉందక్కా."

"నన్ను సంతోషపెట్టడానికి చెప్పకే. ఇక మనిద్దరికీ ఆ కళ్ళే."

పరీక్ష అయిపోయినట్టు పెట్టె కూత వేసింది. చిన్నత్త మాత్రం అందులోంచి తల తియ్యలేదు.