నీళ్ల ట్యాంకు దగ్గర ఆగే బండి

ఆ రోజు నేను చేసిన తప్పు నవ్వడం.

నా పాత మోటార్‌సైకిల్‌కు ఒక జబ్బుంది. తాళం తిప్పి ఆపగానే ఊరుకోదు. రెండుసార్లు దగ్గి, సైలెన్సర్ లోంచి ఢామ్మని ఒకటి వదులుతుంది. ప్రొద్దుటూరు నుంచి, జమ్మలమడుగు దగ్గర పల్లెలో నేను పాఠాలు చెప్పే బడికి దాని మీదే వెళతాను. ఎన్నికలు ముగిసి బడి తెరిచిన కొత్తలో దాన్ని నాలుగో తరగతి కిటికీ కింద ఆపాను. ఢామ్మంది. లోపలికి వెళ్లి చూస్తే బల్లల మీద పుస్తకాలున్నాయి, పిల్లలు లేరు. అందరూ బల్లల కింద ఉన్నారు.

పోలింగ్ నాడు ఆ వీధిలో నాటుబాంబులు పడ్డాయని నాకు తెలుసు. తెలిసీ నవ్వాను.

"ఏమ్రా, సైలెన్సర్‌కే దాక్కుంటారా? మీరు కడప జిల్లాలో పుట్టినోళ్లేనా?"

పులివెందులలో నా చిన్నప్పుడు మా బడి అయ్యవారు మమ్మల్ని అన్న మాటే అది. ధైర్యం నేర్పడమంటే ఇదేనని మా వైపు గట్టి నమ్మకం. పిల్లలు సిగ్గుపడి, ఇకిలిస్తూ లేచారు. ఒక పాప మాత్రం లేవలేదు. మధ్యాహ్నం భోజనంలో రెండు గుడ్లు పెట్టిస్తానన్నా బయటికి రాలేదు.

మరునాడు ఆ పాప రాలేదు. వాళ్ల అవ్వ వచ్చింది.

"ఏం సార్, నీ బండికి ఎట్లా బుద్ధి లేదు, నీకైనా ఉండొద్దా? బిడ్డ నా కొంగు ఇడ్సలేదు. ఇంగ బడికి పంపను."

"పాపకు కాస్త ధైర్యం చెప్పాల అవ్వా."

"నిన్న నువ్వు సెప్పినావు గదా. సాల్లే."

ఆ సాయంత్రమే ప్రొద్దుటూరులో మెకానిక్ దగ్గరికి పోయాను. నా చేతికి టీ గ్లాసిచ్చి, అతను బండి స్టార్ట్ చేసి ఆపాడు. ఢామ్మంది. తర్వాత చూసుకుంటే నేను పాత టైర్ల కుప్ప వెనక గొంతుక్కూర్చుని ఉన్నాను. గ్లాసు చేతిలోనే ఉంది. టీ చొక్కా మీద ఉంది.

"ఏంది మామా, ఆడ ఏం ఎతుకుతాండావు?"

"చెప్పు తెగిందప్పా."

అతను నా చెప్పుల వైపు చూశాడు. రెండూ బాగానే ఉన్నాయి. "ఈ బండి బాగయ్యేది కాదు, అమ్మేయ్" అన్నాడు.

"కొనేవాడికీ చెవులుంటాయి గదా" అన్నాను.

మరునాడు అదే చొక్కా వేసుకుని పాప ఇంటికి వెళ్లి, టైర్ల సంగతి చెప్పాను.

"అబద్ధం" అంది పాప, అవ్వ వెనక నుంచి.

మరక చూపించాను. చాలాసేపు పరీక్షగా చూసింది.

"శానా టీ పోయింది సార్."

"నేను నవ్వడం తప్పమ్మా. నాకూ భయమే. బండి యాడ ఆపమంటావో నువ్వే చెప్పు."

ఊరి మొదట్లోని నీళ్ల ట్యాంకు చూపించింది.

ఆ పూటే తరగతిలో అందరి ముందూ ఈ మాటే చెప్పాను. అప్పటి నుంచి బండి ట్యాంకు దగ్గరే ఆపి, బడిదాకా తోసుకుంటూ పోతున్నాను. మొదట్లో ఊరంతా జాలిపడింది. ఒకాయన సీసాలో పెట్రోలు తెచ్చిచ్చాడు. "దినామూ అయిపోతాదా? ఈ సార్ మహా పిసినారప్పా!" అన్నాడు ఇంకొకాయన.

"పెట్రోలుంది మామా. ఆ శబ్దమంటే మాకు భయం" అని చెప్పాను. మగవాళ్ల ముందు అలా అనడానికి బండి తోయడం కంటే ఎక్కువ చెమట పట్టింది.

ఇప్పుడు పాప ట్యాంకు దగ్గరికే ఎదురొస్తోంది. చెవులు మూసుకుని, ఇక సరేనని తల ఊపుతుంది. అప్పుడే తాళం తిప్పుతాను.