మూడో తాళం ముక్క

పోయిన నెల మా ప్రొఫెసర్ సారు కరీంనగర్ దవాఖానలో చనిపోయారు. కొంతకాలం గడిచాక తీరిగ్గా రాయాల్సిన మాటలివి. కానీ ముసురు పట్టేలోగా ఆయన పాత విద్యార్థుల్లో ఒకరు మాకు దొరకాలి. అందుకే ఇప్పుడే రాస్తున్నాను.

తీగలు లేకుండా ఒకదానితో ఒకటి మాట్లాడుకునే చిన్న యంత్రాల మీద సారు పరిశోధన చేశారు. ఆ మాటల్లోకి అబద్ధం చొరబడకుండా చూడటమే ఆయన పని. మా బస్తీ గోదావరిఖని అంచున, మూసేసిన పాత గని మీద ఉంది. నేల నెర్రెల్లోంచి విషవాయువు వస్తుంది, దానికి వాసన ఉండదు. సారు ఇంటింటికీ గాలిని కనిపెట్టే డబ్బా పెట్టించారు. ఒక ఇంట్లో వాయువు పెరిగితే అన్ని ఇళ్లలోనూ సైరన్ మోగుతుంది. వచ్చినప్పుడల్లా చెప్పులు బయట విడిచి, ప్రతి డబ్బా మీది బొగ్గు పొడిని తన దస్తీతోనే తుడిచేవారు.

మా ఇంట్లో బడికి వెళ్లిన మొదటి మనిషిని నేనే. కాలేజీ క్లాసులో, సందేశం పంపింది అసలు డబ్బాయేనని రుజువు చేసే రహస్యపు తాళం సంగతి అర్థంకాక తల దించుకుంటే, సారు మా బాపు డ్యూటీ గురించి అడిగారు.

"గనిలకు దిగే ముందు ఏం చేస్తడు?"

"ల్యాంపు రూముల బిళ్ల ఇచ్చి దీపం తీసుకుంటడు సార్."

"బిళ్ల లేనోడొస్తే?"

"ఇయ్యరు."

"మొఖం తెలిసినోడైతే?"

"గప్పుడు గూడ ఇయ్యరు."

"గంతే బిడ్డా. ఇగ మిగిలింది లెక్కలే."

డబ్బాలను పరీక్షించిన రోజున ఒక సీనియర్ అన్న చాయ్ హోటల్లో కూర్చుని, గాలి బాగుందని దొంగ సందేశం పంపాడు. మా పక్కింటి అవ్వ గోడ మీది డబ్బాలో ఎర్రదీపం వెలిగింది.

"గిదేంది సారూ, బాగుందన్నా కోపమేనా? అచ్చం నా కోడలి లెక్కనే ఉన్నది," అంది అవ్వ.

"బాగున్నదనేటోని మీదనే ముందుగాల అనుమానపడాలె అవ్వా," అన్నారు సారు, ఆమె పెట్టిన సర్వపిండి తింటూ.

పోయిన నెల దవాఖానకు వెళ్లి, ఎట్లున్నరు సార్ అని అడిగాను. "బాగున్న. నువ్వు పోయి డబ్బాలు చూసుకో," అన్నారు. నమ్మి వచ్చేశాను. మర్నాడు పొద్దున ఫోన్ వచ్చింది.

కొత్త డబ్బాను చేర్చాలన్నా, ఉన్నవాటిని చెరిపి మళ్లీ మొదలుపెట్టాలన్నా ఒక పెద్ద తాళం కావాలి. సారు దాన్ని ముక్కలు చేసి, ఐదుగురు విద్యార్థులకు తలా ఒక పెన్‌డ్రైవ్‌లో ఇచ్చారు. ఏ ముగ్గురు కలిసినా పని జరుగుతుంది, ఇద్దరితో జరగదు. తాను ఒక్క ముక్కా ఉంచుకోలేదు. "నా జేబుల వద్దు. నేను గూడ మనిషినే గదా," అన్నారు.

ఆయన పోయాక అవ్వ ఇంటి డబ్బా, మరో రెండిళ్లవి పాడైపోయాయి. వాటి బదులు కొత్తవి చేసి పెట్టాను గానీ, పెద్ద తాళంతో చేర్చేదాకా అవి సైరన్ మోగించలేవు, మిగతా డబ్బాలు వాటి మాట వినడం లేదు. సారు నేర్పినట్టే నడుచుకుంటున్నాయి. నా ముక్క నా దగ్గరుంది. ఆనాడు దొంగ సందేశం పంపిన అన్న వరంగల్ నుంచి తనది తెచ్చాడు. తక్కిన ముగ్గురి ఫోన్ నంబర్లూ మారిపోయాయి.

ముసురు పడితే నెర్రెల్లోంచి వాయువు ఎక్కువ వస్తుంది. మూడో ముక్క దొరకకపోతే ఆ మూడిళ్లూ ఖాళీ చేయించాలి. ఆ మాట చెబితే అవ్వ, "తలుపు తీసి పండుకుంట తియ్," అంది. నిన్న వెళ్లేసరికి కిటికీ రెక్కలు కూడా ఊడదీయించి గోడకు ఆనించింది.

ఈ సంచిక మన కాలేజీ పాత విద్యార్థులందరికీ అందుతుంది. మీరు ఆ ముగ్గురిలో ఒకరైతే, ఈ నెల ఇరవైలోగా పత్రిక చిరునామాకు జవాబు రాయండి. ముక్క పోగొట్టుకుని ఉంటే, పోయిందనే రాయండి. మొహమాటపడకండి. అవ్వ చేత మూట కట్టించడానికైనా మాకు కొంత వ్యవధి కావాలి.