సెలవు కింద జమ కట్టిన లోయ

వేసవి వచ్చిందంటే కువైట్‌లో నేను పనిచేసే రుమైథియా పేటలో సగం ఇళ్ళకి తాళాలే. ఉన్నవాళ్ళంతా చల్లటి దేశాలకి పోతారు. చంటిపిల్లలున్న ఇంటివాళ్ళయితే పనిమనిషిని కూడా వెంట తీసుకెళతారు. ఎయిర్‌పోర్టులో ముందు బాబా, మామా, అంటే ఇంటి యజమాని, ఆయన భార్య నడుస్తుంటారు, వెనక సామాను, ఆ వెనక పిల్లనెత్తుకుని నాలాంటిది ఒకతె. ఆ ఏడు మా మామా వాళ్ళు అమెరికా బయల్దేరారు. వీసా, టికెట్టు అన్నీ వాళ్ళే చూసుకున్నారు. ఫోన్ చేసి చెబితే, కోనసీమలో మావాళ్ళు నీ అదృష్టం పండిందన్నారు. నేనూ అలాగే అనుకున్నాను.

నా మనసు మాత్రం అక్కణ్ణుంచి వచ్చాక ఇస్తానన్న సెలవు మీదే ఉంది. మా అమ్మాయికి తొలి కాన్పు. మావైపు తొలి పురుడు పుట్టింటివాళ్ళే పోయాలి. మా ఇంట్లో నేను తప్ప వేరే ఆడదిక్కు లేదు. నెలలు నిండే సమయానికి ఇంటికి పంపుతానని మామా ముందే మాటిచ్చింది.

గ్రాండ్ క్యానియన్ దగ్గర కారు దిగాం. ఎండ మన కువైట్ ఎండకి చెల్లెల్లా ఉంది. జనం రైలింగ్ పట్టుకుని, నోళ్ళు వెళ్ళబెట్టి చూస్తున్నారు. పిల్ల మీదనుంచి కళ్ళు తిప్పొద్దని మామా గట్టిగా చెప్పింది. రెండేళ్ళది, చంకలోంచి కొర్రమీనులా జారిపోతుంది. దానికేమైనా అయితే నా గతేమిటి? దాన్ని రెండు చేతులా అదిమిపెట్టుకుని, లోయకి వీపు పెట్టి నిలబడ్డాను. అప్పుడే మామా మా ఇద్దరికీ ఫోటో తీసి నా ఫోన్‌కి పంపింది. నిజం చెప్పొద్దూ, సంతోషం వేసింది.

అంతలో పిల్ల ఎండకి ఏడుపు లంకించుకుంది. మమ్మల్ని కారులో కూర్చోబెట్టి, ఏసీ వేసి, వాళ్ళు చూడ్డానికి వెళ్ళారు. పార్కింగ్‌లో నా ఎదురుగా ఒక చెత్తడబ్బా, ఒక టూరిస్టు బస్సు వెనక అద్దం. లోకమంతా ఎగబడి చూసే చోటికి అంత దూరం వెళ్ళి నేను చూసింది అదీ. వాళ్ళు తిరిగొచ్చేసరికి పొద్దు వాలింది. యల్లా అన్నాడు బాబా. కారు కదిలింది. ఆ ఫోటో మా అమ్మాయికి పంపితే, అల్లుడు స్టేటస్‌లో పెట్టాడట. ఊరంతా చూసింది.

కువైట్ వచ్చాక సెలవు సంగతి ఎత్తాను. మామా టీ తాగుతూ నావైపు వింతగా చూసింది.

"సెలవు అయిపోయింది కదా. అమెరికా తీసుకెళ్ళాం, నువ్వూ తిరిగావు, నవ్వుతూ ఫోటో కూడా దిగావు. ఖలాస్."

కోపంగా అన్నా బాగుండేది. నాకేదో మేలు చేసినదానిలా అంది. అక్కడా పనే చేశాను మామా అన్నాను. అందరూ తిరుగుతున్నప్పుడు పిల్లనెత్తుకోవడం కూడా పనేనా అని ఆశ్చర్యపోయింది. బాబాని అడిగితే వచ్చే ఏడు చూద్దామన్నాడు. కాన్పు వచ్చే ఏటిదాకా ఆగుతుందా? పోదామంటే పాస్‌పోర్టు ఆయన బీరువాలో ఉంది. ఒళ్ళు మండిపోయింది. ఆ మంటతోనే వాళ్ళకి మధ్యాహ్నం అన్నం వండిపెట్టాను.

కాన్పు అత్తగారింట్లోనే జరిగింది. ఆడపిల్ల. మా అమ్మాయికి ఫోన్ చేశాను. బాలింతకి పథ్యం ఎవరు వండుతున్నారని అడిగితే అంది.

"మా అత్తగారేనమ్మా. వచ్చినోళ్ళందరికీ చెప్తన్నారు, వియ్యపురాలికి అమెరికా చూడ్డానికి తీరికుంది గానీ కూతురి పురుడుకి లేదంట అని."

నా సెలవు ఎలా మింగేశారో, నన్ను తీసుకెళ్ళింది పిల్లని మోయడానికేనని అంతా చెప్పుకొచ్చాను. అంతా విని ఒక్కటే అడిగింది. వెటకారం లేదు ఆ గొంతులో, అలసట ఉందంతే.

"అంత బాగుంటాదా అమ్మా, ఆ లోయ?"

నేను చూడలేదమ్మా అన్నాను. నా కూతురు నమ్మలేదు.