ఫోర్ట్‌నైట్ లెక్క

రెండువేల సంవత్సరం వస్తే కంప్యూటర్లు ఏమైపోతాయోనన్న భయం నాకు కంగారూల దేశంలో, పారమట్టా అనే ఊళ్లో ఉద్యోగమిచ్చింది. ఒక క్లినిక్ వాళ్ల పాత ప్రోగ్రాముల్లో తేదీలు సరిచేయడం నా పని. ఆరు నెలల కాంట్రాక్టు. పొడిగిస్తేనే వీసా నిలుస్తుంది. పొడిగిస్తారులే అన్న ధీమాతో మా ఆవిడకు టిక్కెట్టు కూడా కొనేశాను.

శతాబ్దం మారితే ఏమవుతుందో, ఫిబ్రవరికి ఇరవైతొమ్మిది ఉంటుందో లేదో, అన్నీ కళ్లలో ఒత్తులు వేసుకుని చూశాను. కాలి పుండ్లకు కట్టు మార్పించుకునేవాళ్లను ఫోర్ట్‌నైట్‌కి ఒకసారి పిలవాలని ఉన్నచోట మాత్రం చూడకుండానే పదిహేను రోజులని రాసేశాను. పక్షమంటే అంతేగా! నా పని సరిచూడాల్సిన పక్క సీటు మిత్రుడిది పాతబస్తీ. "పంద్రా రోజులు పెట్టినవ్ గదా భాయ్, సహీ ఉంది" అని సంతకం పెట్టేశాడు.

సోమవారం నడిచే క్లినిక్‌కి, మేం పంపిన ఉత్తరాలు పట్టుకుని ముసలివాళ్లంతా మంగళవారం వచ్చారు. తలుపు మూసి ఉంది. చేతికర్రతో రెండు బస్సులు మారి వచ్చిన ఒకావిడ మెట్ల మీదే కూలబడిపోయిందట. ఏనుగు పోయి తోక చిక్కినట్టయింది నా పని.

మేనేజరు అరవలేదు. అరిచినా బాగుండేది. లావుపాటి నిఘంటువు తెచ్చి నా ముందు తెరిచాడు. పాత ఇంగ్లీషులో ఫోర్ట్‌నైట్ అనే మాటకు అర్థం పద్నాలుగు రాత్రులట. వాళ్ల పూర్వులు రోజుల్ని రాత్రులతో లెక్కపెట్టేవారట. వారానికి ఏడు రాత్రులని ఇంకో మాట ఉండేదట. అది పోయింది, ఇది నా ప్రాణానికి మిగిలింది.

"రెండు వారాలంటే మాకు పదిహేను రోజులే" అన్నాను.

"ఎందుకు?" అన్నాడాయన.

మొదటి రోజునీ చివరి రోజునీ కూడా కలుపుకుంటామని చెప్పొచ్చు. ఆ క్షణాన తోచలేదు. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ అంటున్న మాటని ఒక్కసారైనా లెక్కపెట్టి చూడనందుకు నా మీద నాకే ఒళ్లు మండింది.

మా ఆవిడకి ఫోన్ చేశాను. "పదిహేను రోజులంటే రెండు వారాలే కదండీ, ఆ మాత్రం తెలీదా వాళ్లకి?" అంది.

శుక్రవారం కవరు చేతికిచ్చారు. పొడిగింపు లేదు. ఒక ఫోర్ట్‌నైట్ నోటీసు. క్యాలెండర్ మీద వేలు పెట్టి, ఈసారి రాత్రులే లెక్కపెట్టాను. పద్నాలుగు. మా ఆవిడ విమానం దిగేది ఆ మర్నాడు.